నాలుగు మూలల గడియారం

మొన్న మెదక్ బస్టాండులో ఒక కాలేజీ పిల్ల నా పక్కన కూర్చుంది. ఫోను పట్టుకున్న చేతికి గడియారం ఉంది. బంగారు రంగు, నాలుగు మూలలు, సన్నటి తోలు పట్టా. నేను కళ్లు తిప్పుకోలేకపోవడం చూసి ఆ పిల్ల నవ్వింది.

"మంచిగున్నదా ఆంటీ? పాత మోడల్. ఇప్పుడిదే ఫ్యాషన్. ఆన్‌లైన్‌ల తెప్పిచ్చుకున్న."

"కీ ఎప్పుడిస్తవ్ బిడ్డా? పొద్దుగాల్నా?"

"కీ ఏంది ఆంటీ?"

"కీ ఇయ్యకపోతే ఎట్ల నడుస్తది?"

"సెల్ ఉంటది గదా. బందైతే ఇంకోటి తెప్పిచ్చుకుంటా."

ఆ పిల్ల బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. నా బస్సు కూడా వచ్చి వెళ్లింది. నేను బెంచీ మీదే ఉండిపోయాను. ఆ గడియారం ఏ గడియారాన్ని చూసి చేశారో, అలాంటి అసలైనదాన్ని నేను చూశాను. అది కట్టుకున్న మనిషి పక్కన ఏళ్ల తరబడి మిషన్ తొక్కాను. ఇంటికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఇది రాయడానికి కూర్చున్నాను.

ఆమె పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడనే లేదు. కూరగాయల బండివాడికి, చర్చి వైపు నుంచి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే టీచరమ్మలకు, ముసలివాళ్లకు, పిల్లలకు, నాకు, అందరికీ ఆమె ఆపా, అంటే అక్క. ఆమె మాత్రం నన్ను నా ఊరి పేరుతో పిలిచేది. "ఓ శివ్వంపేటా, దారం తెంపు." "శివ్వంపేటా, గిటు రా జర." పెనిమిటి పోయాక బతుకుతెరువుకు శివ్వంపేట నుంచి మెదక్ వచ్చి, ఆమె ముందు గదిలో రెండో మిషన్ దగ్గర కూర్చున్న నాడు పెట్టిన పేరు అది. చివరిదాకా మార్చలేదు.

పొడుగు మనిషి. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు పంటికింద పట్టుకునే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది. ఒక్కటి కూడా జారేది కాదు. కుడిచేతికి ఆకుపచ్చ గాజులు. ఎడమచేతికి ఆ గడియారం.

అది మగవాళ్లది. బిస్కెట్టంత ఉంటుంది. పెళ్లి నగల్లా మెరిసే పసుపు కాదు, పండిన జొన్న కంకి మీద సాయంత్రపు ఎండ పడితే ఉండే రంగు. లోపలి పలక ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, నేను చూసేనాటికి పాల మీది మీగడలా మారింది. అంకెలు లేవు. ఒక్కో గంటకు ఒక్కో సన్నటి గీత, అంతే. కింద చిన్న చదరపు గడిలో సెకన్ల ముల్లు విడిగా తిరుగుతూ ఉండేది. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు, అంకెలూ సరిగా రావు. ఊళ్లో ఏ గడియారం చూసినా నాకు పరాయిదానిలా ఉండేది. ఇది మాత్రం కాదు. చదువుకున్న టీచరమ్మ వచ్చి చూసినా ఆ గీతలే, నేను చూసినా ఆ గీతలే.

ఆపా దాన్ని మెచ్చుకునే తీరు వేరు. బంగారం సంగతి ఎత్తేదే కాదు.

"ఈ మూల చూడు శివ్వంపేటా. కాలర్ మూల తిప్పినట్టు లేదూ? ఎక్కడన్న ముడత ఉన్నదా? చేసినోడు ఎవడో గాని మా అబ్బాజాన్ అసొంటోడే."

ఆమె నాన్న దర్జీ. పట్నంలో షేర్వానీలు కుట్టేవాడు. ఒక పెద్దింటి ముసలాయన, తన కొడుకు పెళ్లి షేర్వానీ చూసి, తన చేతి గడియారం విప్పి ఈయన చేతికి కట్టాడట. తర్వాత ఈయన మెదక్ వచ్చి స్థిరపడ్డాడు. కూతురికి కుట్టుపని నేర్పింది ఆయనే.

నాకు చదరపు మెడ కుట్టడం చాలాకాలం రాలేదు. గుండ్రటి మెడ ఎలాగో లాక్కొచ్చేదాన్ని. చదరం దగ్గరికి వచ్చేసరికి మూల ముడతపడేది, లేదా మొద్దుగా తిరిగేది. ఒకనాడు రెండు మూలలూ పాడుచేసి, బట్ట పక్కన పడేసి, నాకు రాదు ఇంతే అన్నాను. ఆపా నోట్లోంచి సూదులు తీసింది. ఆమె సూదులు తీసిందంటే మాట గట్టిదన్నమాట. గడియారం విప్పి, పట్టా బిగించి, నా మిషన్ పలక మీద నిలబెట్టింది. అది ఫోటో పటంలా నిటారుగా నిలబడింది.

"దాన్ని జూసుకుంట కుట్టు. మూల కాడికి రాంగనే ఏం జేస్తవ్?"

"సూది లేపి బట్ట తిప్పుత."

"గదే తప్పు. సూది లేపొద్దు. సూది దించే ఉంచు. మిషన్ పాదం ఎత్తు. బట్ట తిప్పు. మళ్ల పాదం దించు. సూది కదల్నే కదలొద్దు. సమజైందా?"

ఆ మధ్యాహ్నం ఊడదీసి కుట్టాను, మళ్లీ ఊడదీసి కుట్టాను. చీకటి పడేవేళకు నాలుగు మూలలూ గడియారం మూలల్లా వచ్చాయి. ఆపా చూసి మెచ్చుకోలేదు. గడియారం తీసి చేతికి కట్టుకుని, "రేపు తెచ్చే జాకెట్లు నువ్వే కుడ్తవ్" అంది.

పొద్దున నమాజు అయ్యాక ఆమె కిటికీ దగ్గర కూర్చుని కీ ఇచ్చేది. రెండు వేళ్లతో ఆ చిన్న మరను పట్టుకుని, కళ్లు మూసుకుని, మెల్లగా తిప్పేది. బిగువు తగలగానే ఆపేసేది. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకునేది. పాలవాడు పిలిచినా, కరెంటు బిల్లువాడు తలుపు కొట్టినా అంతవరకూ ఆగవలసిందే. చౌరస్తాలో గడియారాలు బాగుచేసే అతను ఎదురైనప్పుడల్లా, "ఆపా, దాన్ని పట్నంల చూపిస్తే ఎగబడి కొంటరు" అనేవాడు. "ఎగబడేటోళ్లకు టైంతోని ఏం పని?" అని ఆమె నడిచి వెళ్లిపోయేది.

ఆడమనిషికి మగవాళ్ల గడియారం ఏమిటని కొత్తగా వచ్చిన గిరాకీలు అడిగేవారు. నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒక వానకాలం, కరెంటు పోయి మిషన్లు కనబడక ఖాళీగా కూర్చున్నప్పుడు చెప్పింది.

వాళ్లలో పెళ్లికొడుకు నికా అయ్యాక ఆడవాళ్ల వైపు వచ్చి, పెద్దలందరికీ వంగి సలాం చేస్తాడు. పెద్దలు అతనికి కానుకలు ఇస్తారు. దాన్నే సలామీ అంటారు. ఆపా పెళ్లిలో ఆమె నాన్న తన చేతి గడియారం విప్పి అల్లుడికి సలామీ ఇచ్చాడు.

"మల్ల నీ దగ్గరికెట్ల వచ్చింది ఆపా?"

"అడిగి తెచ్చుకున్న."

ఆమె ఖులా తీసుకుంది. అంటే ఆడమనిషి తనకు తానుగా అడిగి తెంపుకునే విడాకులు. పెళ్లినాడు మొగుడు రాసిచ్చిన మెహర్ సొమ్ము వదులుకుంది. ఇదే ముందు గదిలో పెద్దమనుషులు కూర్చున్నారట. ఖాజీ, ఇంకేమైనా చెప్పేది ఉందా అని అడిగాడట. "నా గడియారం ఇప్పియ్యుండ్రి" అందట ఈమె. ఒక పెద్దాయన నవ్వాడట.

"గది మొగోళ్ల గడియారం బేటీ. నువ్వేం జేస్తవ్ దాంతోని?"

"టైం జూస్త."

 ఆమె భర్త విప్పి ఇచ్చాడట. అక్కడే అందరి ముందు చేతికి కట్టుకుంది. పట్టా వదులై మోచేతిదాకా జారిపోతే, లోపలికి పోయి దబ్బనంతో పట్టాకు కొత్త చిల్లు పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుందట.

"ఎందుకు వదిలిపెట్టినవ్ ఆపా ఆయన్ను?"

"నాలుగేండ్లు చేతికి పెట్టుకున్నడు. ఒక్కనాడు కీ ఇయ్యలే. బంద్ పడ్డ గడియారం పెట్టుకొని బజార్ల తిరిగేటోడు, అందరికి చూపిచ్చుకుంట" అంది. వేరే కారణాలు ఉండే ఉంటాయి. ఆమె చెప్పింది అదొక్కటే. 

ఇక ఆపా ఇంటి పిల్ల సంగతి చెప్పాలి. ఆపా తమ్ముడి కూతురు. పక్క వాటాలోనే ఉండేవాళ్లు. పిల్లకు తన ఇంట్లో కంటే మేనత్త దగ్గరే ఎక్కువ పొద్దు గడిచేది. ఆమెను ఫుప్పూ అని, నన్ను ఖాలా, అంటే పిన్నీ అని పిలుస్తూ మిషన్ కింద పీలికలు ఏరుకునేది. తెలుగు మీడియం బడిలో చదివేది. ఆపాకు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. నాకు ఏదీ రాదు. గిరాకీల కొలతలు నేను పీలికలకు ముడులు వేసి గుర్తుపెట్టుకునేదాన్ని. ఒకసారి ఎవరివో ముడులు ఇంకెవరికో కలిసిపోయి, ఒక సన్నటి టీచరమ్మ జాకెట్లో ఇద్దరు పట్టేంత చోటు వచ్చింది. ఆపా ఆ జాకెట్టును ఎత్తి పట్టుకుని, ఆ పిల్లను పిలిచింది.

"ఓ పోరీ, నీకు తెలుగు వస్తది గదా. ఇగో, నీ ఖాలాకు నేర్పు."

"నాకేం చదువు ఆపా ఇప్పుడు? తల నెరిసె."

"తలకు నేర్పుమంటలేను. చేతికి నేర్పుమంటున్న."

ఆ నాటి నుంచి మధ్యాహ్నం తిండి అయ్యాక అరగంట మిషన్లు ఆగిపోయేవి. ఆపా గడియారం విప్పి నా మిషన్ పలక మీద నిలబెట్టేది. పెద్ద ముల్లు పై గీత నుంచి కింది గీతకు చేరేదాకా నేను పలకాబలపం పట్టుకోవాలి. గిరాకీ వస్తే, "అరగంట ఆగుండ్రి, ఆమెకు బడి ఉన్నది" అనేది ఆపా. కొందరు ముసిముసిగా నవ్వేవారు. పిల్లకు మాత్రం నవ్వు లేదు. బడి లేని రోజుల్లో నాకు చాలా గట్టి పంతులు. "ఖాలా, ఇది 'ల' కాదు. మళ్ల రాయి."

మొదటిసారి నా అంతట నేను చదివింది ఒక బస్సు బోర్డు. బస్టాండు దగ్గర నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పరుగున వచ్చి ఆపాకు చెప్పాను.

"ఆపా, నా పేరు బస్సు మీద రాసిండ్రు."

సూదులు నోట్లో పెట్టుకునే నవ్వింది. అప్పుడు మాత్రం ఒక సూది జారిపడింది.

పిల్ల పెరిగింది, డిగ్రీ చదివింది. మనోహరాబాద్ సంబంధం కుదిరింది. స్టేషన్ దగ్గర దుకాణం ఉన్నవాళ్లు. పెళ్లి దగ్గరపడ్డాక, నేను పెళ్లిబట్టల అంచు కుడుతుండగా ఆపా తమ్ముడు వచ్చి గడప మీద నిలబడ్డాడు.

"ఆపా, దుల్హాకు సలామీ కింద గడియారం ఇస్తవని వాళ్లకు చెప్పిన."

ఆపా కత్తెర ఆపలేదు. "నా చేతికున్న దాని మీద నీ మాటేంది?"

"అబ్బాజాన్ గూడ అల్లునికే ఇచ్చిండు గదా. మన ఇంటి రివాజ్. నీకు పిల్లల్లేరు. ఎవరికిస్తవ్ మరి? నా ఇజ్జత్ నిలబెట్టు ఆపా."

ఆపా బట్ట మడిచి పక్కన పెట్టింది. "సలామీ నాడు విప్పి ఇస్త. పో" అంది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు. నేను అంచు కుట్టడం ఆపేశాను. ఇన్నేళ్లు ఆమె అడిగి తెచ్చుకున్నది మళ్లీ ఒక మగవాడి చేతికి పోతుందే అనిపించింది. ఆపా నా ముఖం చూసింది. పిల్లను పిలిచి, కుర్తా చేతుల కోసమని టేపుతో మణికట్టు కొలిచింది. ఆ కుర్తా చేతులు అంతకుముందే కుట్టి అయిపోయాయి. నేనే కుట్టాను. సాయంత్రం ఆపా దబ్బనం తీసుకుని, గడియారం పట్టాకు ఇంకొక చిల్లు పెట్టింది, తన చిల్లు కంటే లోపలికి. పెళ్లికొడుకును నేను చూశాను. దున్నపోతు కాలంత మణికట్టు. నేను తల వంచుకుని అంచు కుట్టడం మొదలుపెట్టాను. నవ్వు ఆగలేదు.

"ఏం నవ్వుతున్నవ్ శివ్వంపేటా?"

"ఏం లేదు ఆపా. సూది దించే ఉంచిన."

ఫంక్షన్ హాల్లో నికా అయ్యింది. పెళ్లికొడుకును ఆడవాళ్ల వైపు తీసుకొచ్చారు. పాపం, అతనికి అందరూ ముందే చెప్పి ఉంచారు. తన గడియారం ఎక్కడో విప్పి పెట్టి, బోడి మణికట్టుతో వచ్చాడు. షేర్వానీ చేతి గుండీ కూడా తీసి, చెయ్యి మడిచి ఉంది. ఒక్కొక్కరికీ సలాం చేసుకుంటూ ఆపా దగ్గరికి వచ్చి వంగాడు, ఎడమచేయి కొంచెం ముందుకు చాపాడు. అతని స్నేహితులు తలుపు దగ్గర ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

ఆపా అతని తల నిమిరింది. సంచిలోంచి ఉంగరం తీసి అతని వేలికి తొడిగింది. ఆ తర్వాత గడియారం విప్పింది. అతని చేయి అలాగే చాపి ఉంది. ఆపా పక్కకు తిరిగి, ముసుగులో కూర్చున్న పిల్లతో అంది.

"నువ్వు చెయ్యవా సలాం?"

పిల్ల తల ఎత్తి చూసింది. ముసుగులోంచే సలాం చేసింది. ఆపా ఆమె మెహందీ చేయి పట్టుకుని గడియారం కట్టింది. కొత్త చిల్లు సరిగ్గా సరిపోయింది.

హాలులో గుసగుసలు లేచాయి. తమ్ముడి ముఖం ఎర్రబడింది. పెళ్లికొడుకు తల్లి ముందుకు వచ్చింది.

"గిదేంది? గది మొగోళ్లది గదా. దుల్హన్ ఏం జేస్కుంటది?"

"టైం జూస్తది" అంది ఆపా.

పెళ్లికొడుకు తన చేతి వైపు ఒకసారి, పిల్ల చేతి వైపు ఒకసారి చూసుకున్నాడు. మంచివాడే. మెల్లగా గుండీ పెట్టుకుంటూ, "నేను అడిగితే టైం చెప్తదా ఫుప్పూ?" అన్నాడు.

"అడిగి చూడు. కీ ఇయ్యకపోతే నేను దాన్ని అడుగుత" అంది ఆపా. నలుగురూ నవ్వారు. తమ్ముడు మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు.

గడియారం పోయాక ఆపా ఎడమ మణికట్టు మీద తెల్లటి చదరం మిగిలింది, ఎండ తగలని చోటు. పొద్దున కీ ఇచ్చే వేళకు ఇప్పుడు ఫోన్ తీసుకునేది.

"కీ ఇచ్చినవా?"

"ఇచ్చిన ఫుప్పూ."

అంతే మాట. పెట్టేసేది. కొన్ని నెలలు అలాగే నడిచింది. ఒకనాడు నేను ముందుగా వచ్చి గది ఊడుస్తుంటే ఆపా ఆ మాటే ఫోన్‌లో రెండుసార్లు అడగవలసి వచ్చింది. ఆపా నోట్లోంచి సూదులు తీసింది.

"అత్త బీరువాల పెట్టి తాళమేసింది ఫుప్పూ. ఇంటి సొమ్ము ఇంట్ల ఉండాలె అన్నది."

నేను చీపురు పట్టుకుని నిలబడిపోయాను. ఆపా ఇప్పుడే చెప్పులు తొడుక్కుని మనోహరాబాద్ బస్సెక్కుతుంది అనుకున్నాను. ఆమె అన్నది ఒకటే మాట.

"తాళం అడుగు."

ఫోన్ పెట్టేసింది. నేను ఆగలేకపోయాను.

"పోదాం పా ఆపా. ఇద్దరం పోయి అడుగుదాం. నేను మాట్లాడ్త ఆమెతోని."

"నేను పోతే అది నా గడియారమైతది శివ్వంపేటా. దానిది దాన్ని అడగనియ్యి."

ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగున్నవా బిడ్డా?" అని మాత్రమే అడిగేది. గడియారం మాట ఎత్తలేదు. పిల్ల కూడా చెప్పలేదు.  అడగకపోతివి ఆపా అంటే, "ఒకసారి చెప్పిన గదా. బట్ట తిప్పుడు దాని పని" అనేది. కానీ ఫోన్ పెట్టేశాక ఆ తెల్లటి చదరాన్ని రెండు వేళ్లతో రుద్దుకునేది. అది నేను చూశాను.

ఆ చలికాలమే ఆమె పోయింది. పొద్దున నమాజు చాప మీదే కూర్చుని, పక్కకు ఒరిగిందట. నేను వెళ్లేసరికి ఇల్లు నిండిపోయింది. మిషన్లు గోడకు జరిపి, ముందు గదిలో పడుకోబెట్టారు. ఎడమచేతి మీద ఆ చదరం ఇంకా పూర్తిగా కలిసిపోలేదు.

మనోహరాబాద్ నుంచి పిల్ల వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. అందరూ ఆమె ముఖం చూస్తున్నారు. నేను ఆమె చేయి చూశాను. బురఖా చెయ్యి మణికట్టుదాకా కప్పి ఉంది. ఆపా పక్కన కూలబడి, నుదుటి మీద చేయి పెట్టినప్పుడు ఆ గుడ్డ పైకి జరిగింది.

ఉంది. నాలుగు మూలలూ ఉన్నాయి. కింది గడిలో ముల్లు తిరుగుతోంది.

ఆమె ఏడుపు కొంత తగ్గాక నేను పక్కకు చేరాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఎట్లిచ్చింది బిడ్డా మీ అత్త?"

"రోజు అడిగిన ఖాలా. ఫుప్పు చెప్పిన్నాటి సంది రోజు పొద్దుగాల, కీ ఇచ్చే యాళ్లకు పోయి తాళం అడిగిన. తిట్టింది, ఊకున్న. మళ్ల తెల్లారి అడిగిన. యాష్టకొచ్చి తాళం నా మీదికి ఇసిరేసింది."

"ఫుప్పుకు చెప్పకపోతివా?"

"రంజాన్‌కు వచ్చినప్పుడు చేతికి పెట్టుకొనొచ్చి చూపిద్దామనుకున్న" అంది. 

స్నానం చేయించడానికి ఆడవాళ్లు పిలిచారు. నీళ్లు పోసేవాళ్లలో తానూ ఉంటానంది. బురఖా తీసింది, గాజులు పైకి జరుపుకుంది, గడియారం విప్పింది. ఎక్కడ పెట్టాలా అని గది అంతా చూసింది. గోడ దగ్గర నా మిషన్ కనిపించింది. పట్టా బిగించి, దాన్ని పలక మీద నిలబెట్టింది.

"జర చూస్తుండు ఖాలా" అని తెర వెనక్కి వెళ్లింది.

నేను స్టూలు లాక్కుని నా చోట్లో కూర్చున్నాను. తెర వెనక నీళ్ల చప్పుడు. కొంతసేపటికి ఆపా తమ్ముడు గడప దగ్గరికి వచ్చాడు. బయట మగవాళ్లు మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళకు మసీదుకు తీసుకుపోవాలని తొందరపడుతున్నారు. అతని చూపు మిషన్ మీద పడింది. గడియారాన్ని చూశాడు. అలాగే నిలబడ్డాడు. ఒక అడుగు లోపలికి వేసి, ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అక్కా, టైం ఎంతైంది?" అన్నాడు.

నేను గడియారం చూసి చెప్పాను.